రంగు వెలిసిన ఎబొనైట్ పెన్ను: పద్నాలుగు రోజుల పని డైరీ

1వ రోజు: సరుకు చూడటం

పొట్లంలో వచ్చినవి నాలుగు పెన్నులు. పని పెట్టుకున్నది మాత్రం ఒక్కదాని మీదే. లేత్ మీద తిప్పి చేసిన లావుపాటి ఎబొనైట్ పెన్ను, గొట్టంలోకే ఫిల్లర్‌తో ఇంకు పోసుకునే రకం. మిగతా మూడూ దాని వెంట వచ్చాయి: పక్కన లీవర్ ఉన్న సెల్యులాయిడ్ పెన్ను ఒకటి, పాళీ అంతా లోపల దాగి ముక్కు మాత్రమే కనపడే చైనా పెన్ను ఒకటి, క్లిప్పు ఊడిపోయిన ప్లాస్టిక్‌ది ఇంకొకటి. పాత పెన్నుల పిచ్చి ముదిరేది ఇలాగే. ఒకటి కావాలంటే నాలుగు కొనాలి, ఆ నాలుగులో రెండింటికి విడిభాగాలు కావాలి, వాటి కోసం మరో పొట్లం. అందుకే మొదటి పేజీ పైనే ఒక షరతు రాసి పెట్టాం: ఇది రాసేదాకా ఇంకో పెన్ను కొనేది లేదు.

కొలతలు. మూత పెడితే 148 మి.మీ., తీస్తే 131. గొట్టం వ్యాసం మధ్యలో 13.52 మి.మీ. ఖాళీ బరువు 22 గ్రాములు. మూత బయట, గొట్టం అంతా పాచిపట్టిన గోధుమరంగు. మూత తీస్తే, అది కప్పి ఉంచిన మేర మాత్రం నిగనిగలాడే నలుపు. పెన్ను అసలు రంగు అదే. గొట్టం మీద చెక్కిన పేరు నేరుగా చూస్తే కనిపించదు; టార్చిలైటు పక్కనుంచి వేస్తే మూడు నాలుగు అక్షరాల నీడలు తేలుతున్నాయి. మరల్లో ఎండి తెల్లబడిన వాజలీన్. పాళీ కుడి రెక్క కొద్దిగా పైకి లేచి ఉంది. పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే ముక్క, అంటే ఫీడ్, దాని సందుల నిండా నల్లటి గడ్డ.

పదార్థం ఏదో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకదానికి మందు అయినది ఇంకోదానికి విషం. బొటనవేలితో పావు నిమిషం గట్టిగా రుద్ది వాసన చూస్తే చాలు. గంధకం వాసన వస్తే ఎబొనైట్, కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. ఏ వాసనా రాకపోతే అక్రిలిక్కో మరో ప్లాస్టిక్కో. ఇక్కడ లావు పెన్ను గంధకం, లీవర్ పెన్ను కర్పూరం.

ఎబొనైట్ అంటే రబ్బరే. సైకిల్ ట్యూబుల రబ్బరులో కొద్దిపాటి గంధకం కలుపుతారు. ఇందులో మూడో వంతు దాకా కలిపి గంటల తరబడి ఉడికిస్తారు. అందుకే కర్రలా గట్టిపడి, తరిణె పట్టడానికి అనువుగా ఉంటుంది. అంత గంధకం ఉంది కనుకే వెలుతురూ తేమా కలిసి తగిలితే పైపొర ఆక్సీకరణం చెంది గోధుమరంగుకు తిరుగుతుంది. కిటికీ దగ్గర బల్ల మీద ఏళ్ల తరబడి పడున్న పెన్నుకీ, పెట్టెలో ఉన్న పెన్నుకీ తేడా ఇదే. వెలిసిన ఎబొనైట్‌ని నీళ్లలో నానబెడితే ఒక్క రాత్రిలో ఇంకా పచ్చబడుతుంది. ఈ పని మొత్తానికీ మొదటి నిషేధం అదే: గొట్టం, మూత నీళ్లలో మునగకూడదు.

మన వైపు ఈ రకం పెన్ను అనగానే రాజమండ్రి గుర్తొస్తుంది. స్వదేశీ ఉద్యమ కాలంలో, 1932లో, అక్కడ కె.వి. రత్నం పెన్నుల తయారీ మొదలుపెట్టారు; తనకు అందిన పెన్ను బాగుందని గాంధీ 1935 జూలై 16న ఆయనకు ఉత్తరం రాశారు. ఆ ఊళ్లో ఈనాటికీ ఎబొనైట్ కడ్డీని లేత్‌కి బిగించి, ఒక్కొక్క పెన్నునీ చేత్తో తిప్పి చేసే పనివాళ్లున్నారు. ఆ తరహా పెన్నులో పిస్టన్ లేదు, రబ్బరు సంచి లేదు, స్ప్రింగు లేదు. పాళీ, ఫీడ్, అవి దూరే మెడ, గొట్టం, మూత. ఈ అయిదింటిలో పాడయ్యేది దాదాపు ఏదీ లేదు. అరవై ఏళ్ల పెన్నుకి ఇవాళ మరమ్మతు సాధ్యం కావడం అందువల్లే.

2వ రోజు: విప్పడం

మెడ గొట్టానికి అతుక్కుపోయింది. ఎండిన ఇంకూ వాజలీనూ కలిసి జిగురైపోయాయి. దీనికి పొడి వేడి చాలు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌ని 10 సెం.మీ. దూరంలో పెట్టి, పెన్నుని తిప్పుతూ 25 సెకన్లు చూపాం. చేత్తో పట్టుకుంటే వేడిగా ఉండాలి, పట్టుకోలేనంతగా కాదు. పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు తీసుకుని, ఒకటి మెడకీ ఒకటి గొట్టానికీ చుట్టి నిదానంగా తిప్పాలి. మూడో విడతకు కదిలింది. కదలకపోతే ఇంకోసారి వేడి చెయ్యాలి తప్ప బలం పెంచకూడదు, కటింగ్ ప్లయర్ జోలికి అసలు పోకూడదు. మర మొదట్లో గోడ పలచగా ఉంటుంది, పగిలేది అక్కడే. వేడి 70 డిగ్రీలు దాటితే ఎబొనైట్ మెత్తబడి వంగుతుంది, చెక్కిన పేరు కూడా కరిగినట్టు పైకి లేచి చదునైపోతుంది.

పాళీ, ఫీడ్ మెడలోకి బిగుతుగా దూరి ఉంటాయి, అంతే. ముందు నుంచి పట్టి లాగితే పాళీ రెక్కలు నలుగుతాయి, ఫీడ్ పళ్లు విరుగుతాయి. వెనక నుంచి తట్టి దింపాలి. చెక్కదిమ్మకి 8 మి.మీ. బెజ్జం వేసి, పాళీ అందులోకి వేలాడేలా మెడని నిలబెట్టి, వెనక నుంచి 3 మి.మీ. ఇత్తడి కడ్డీ పెట్టి చిన్న సుత్తితో తట్టాం. నాలుగు దెబ్బలు. కింద మెత్తటి గుడ్డ పరిచి ఉండాలి, లేకపోతే పాళీ మొన తిన్నగా నేల మీద పడుతుంది.

ఫీడ్‌లో గడ్డకట్టినది బ్లూబ్లాక్. నీళ్లకి నీలం వదిలింది గానీ నల్లటి మడ్డి కదల్లేదు. అంటే ఇనుప లవణం ఉన్న ఇంకు. దానికి క్షారం పోస్తే ఇంకా గట్టిపడుతుంది, ముందు పులుపు పెట్టాలి. 100 మి.లీ. నీళ్లలో 1 గ్రాము విటమిన్ సి పొడి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, కలిపి ఫీడ్‌ని అరగంట వేశాం. మడ్డి బూడిదరంగులో కరిగి దిగింది. బాగా కడిగాక మాత్రమే రెండో విడత: 100 మి.లీ. నీళ్లకి 25 శాతం అమ్మోనియా 4 మి.లీ., గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క, ఇరవై నిమిషాలు. కిటికీ తెరిచి చెయ్యాలి. ఈ క్రమం తిరగబడితే సందుల్లో తుప్పులాంటి పొర మిగిలి, ఇంకు ఎప్పటికీ సరిగా దిగదు.

ఫీడ్ మధ్య కాలువలో మిగిలిన మడ్డికి సూది వాడలేదు. సూది గీసిన చార ఇంకుకి కొత్త దారి అవుతుంది. 0.05 మి.మీ. ఇత్తడి రేకుని కాలువలో రెండుసార్లు ముందుకీ వెనక్కీ జరిపితే చాలు. మెడని మాత్రం నీళ్లలో వేయకుండా, చెవులు కడిగే రబ్బరు బల్బుతో లోపలికి నీళ్లు కొట్టి, వెంటనే టిష్యూ దూర్చి ఆరబెట్టాం.

3వ రోజు: రుద్దాలా, వద్దా

ఇవాళ చేతిపని తక్కువ, తర్జనభర్జన ఎక్కువ. గోధుమరంగు పొరని తీసేస్తే కింద నలుపు వస్తుంది. కానీ తీయడం అంటే గరుకు కాగితంతో పదార్థాన్నే తీసేయడం. గొట్టం మీది పేరు ఇప్పటికే నీడలా మిగిలింది. దాని మీద రెండు నిమిషాలు రుద్దితే అది కూడా పోతుంది. పేరు పోయిన పెన్ను ఎంత మెరిసినా ఎవరు చేశారో తెలియని పెన్నే. నల్లరంగు పూయడం రెండో దారి. అది చెమటకి చేతులకు అంటుకుంటుంది, కొనేవాణ్ణి మోసం చెయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

పాత పెన్ను కొనేటప్పుడు ఇదే గుర్తు పట్టాలి. అద్దంలా మెరుస్తూ, పేరు చెరిగి, మూత అంచు గుండ్రంగా అరిగి, మరల మొదటి చుట్టు మొద్దుబారి ఉంటే దాన్ని యంత్రం మీద పెట్టి పాలిష్ కొట్టారన్నమాట. దుమ్ము కొట్టుకుని గోధుమరంగులో ఉన్న పెన్నుకే ఎక్కువ ఇవ్వొచ్చు.

నిర్ణయం: పేరు చుట్టూ 30 మి.మీ. పొడవు, 8 మి.మీ. వెడల్పు మేర టేపు వేసి అలాగే వదిలేయడం. మిగతాది మాత్రమే రుద్దడం. పెన్ను మీద గోధుమ మచ్చ ఒకటి ఉండిపోతుంది. ఉండనిద్దాం.

5వ రోజు: రుద్దడం

కాగితాల దగ్గర ఒక గోతి ఉంది, కొత్తవాళ్లు తప్పకుండా పడతారు. నునుపు చేయడానికి రుద్దే మైక్రోమెష్ అనే గుడ్డ ముక్కల మీద వేసే 1500 అనే అంకె, హార్డ్‌వేర్ కొట్లో దొరికే 1500 నంబరు వాటర్‌పేపర్‌తో సమానం కాదు. మైక్రోమెష్ 1500 చాలా గరుకు, మామూలు లెక్కలో 400–600కి దగ్గర. వాటర్‌పేపర్ 2000 పట్టాక పై అంకె కదా అని మైక్రోమెష్ 2400 అందుకుంటే, నునుపు చేసిన ఒంటి మీద మళ్లీ గీతలు పడతాయి. మేం వాడిన వరస: వాటర్‌పేపర్ 1500, 2000, ఆపైన మైక్రోమెష్ 4000, 6000, 8000, 12000.

కాగితం మీద రెండు చుక్కల నీళ్లు, అంతకు మించి వద్దు. పెన్ను పొడవునా ఒక నిమిషం, తుడిచి ఆరబెట్టి, పావు చుట్టు తిప్పి మళ్లీ ఒక నిమిషం. గోధుమరంగు బురద వస్తుంది, దీపావళి మర్నాటి వీధిలాంటి వాసన. బురద నల్లబడటం మొదలైతే వెలిసిన పొర అయిపోయినట్టు. అక్కడితో ఆ కాగితం ఆపేయాలి. తర్వాతి కాగితం అడ్డంగా, చుట్టు దిశలో. దిశ మార్చుకుంటూ పోతే ముందటి గీతలు ఎక్కడ మిగిలాయో తెలుస్తుంది. 1500 మీద నలభై నిమిషాలు పట్టింది, మిగతా అయిదూ కలిపి నలభై.

మరలకి కాగితం తగలకూడదు. మూత అంచుకీ తగలకూడదు. అక్కడ ఒక వెంట్రుకవాసి తగ్గినా మూత బిగింపు మారిపోతుంది. రెండు చోట్లా టేపు చుట్టాం. తిరిగే చక్రం ఉన్న చేతి యంత్రం ఉంటే రెండు నిమిషాల పని కదా అని ఎవరైనా అడుగుతారు. ఆ రాపిడికి పుట్టే వేడే మొదటి దెబ్బ. రెండో దెబ్బ, గొట్టం ఒక చోట పల్లం పడుతుంది. కంటికి కనపడదు గానీ వేలికి తగులుతుంది.

చివర్లో పొడి ఫ్లానెల్ గుడ్డతో పది నిమిషాలు. మైనం లేదు, నూనె లేదు. కొలిస్తే మధ్యలో 13.48 మి.మీ. అంటే వ్యాసంలో పోయింది 0.04. రంగు మూత లోపలి నలుపంత కాదు, దానికి ఒక మెట్టు కింద, కాచిన కాటుకలా ఉంది.

6వ రోజు: లీవర్ పెన్ను పక్కపని

ఎబొనైట్ గాలికి ఆరుతోంది కనుక, షరతుకి భంగం లేకుండా పొట్లంలోని రెండో పెన్ను. లోపలి రబ్బరు సంచి ఎండి అప్పడంలా పొడి అయింది. మెడ చివరి బుడిపె కొలిచి, దానికి సరిపడే 16వ నంబరు సంచి ఎంచుకున్నాం. ఈ నంబర్లు అంగుళంలో 64వ వంతుల లెక్క. 16 అంటే పావు అంగుళం. బుడిపె మీద పాత జిగురంతా గీకి, లక్కతో చేసిన షెల్లాక్ పలచగా పూసి, సంచి ఎక్కించి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. సూపర్ గ్లూ వాడితే మళ్లీ సంచి మార్చాల్సిన రోజున మెడ పగులుతుంది. షెల్లాక్ అయితే కొద్దిపాటి వేడికి వదిలేస్తుంది, అందుకే వందేళ్లుగా అదే వాడుతున్నారు. సంచికి పైన టాల్కం పొడి పూయాలి, ముఖానికి రాసుకునే సెంటు పౌడరు కాదు, సైకిల్ షాపుల్లో ట్యూబులకి చల్లే తెల్ల పొడి.

సెల్యులాయిడ్‌కి వేడి చూపేటప్పుడు ఎబొనైట్ అలవాటు పనికిరాదు. అది నిప్పుకి భగ్గుమంటుంది. స్పిరిట్ తగిలినా కరుగుతుంది. డ్రయ్యర్ దూరంగా, పది సెకన్లు, ఆపి చూడటం. ఇంతే, ఈ పెన్ను గురించి ఈ డైరీలో మరి లేదు.

8వ రోజు: పాళీ

సగం రోజు పది రెట్ల భూతద్దం కిందే. పాళీ స్టీలుది, పైన బంగారు పూత, అది కూడా భుజాల దగ్గర పోయింది. మొన మీది గట్టి లోహపు బిందువు మాత్రం రెండు వైపులా సమానంగా, పుష్కలంగా ఉంది. అదుంటే పాళీ బతికినట్టే. అది ఒక పక్క అరిగిపోయి ఉంటే ఎంత పేరున్న పాళీ అయినా గీరుతుంది.

కుడి రెక్క పైకి లేచింది. అంటే ఎడమది కిందికి ఉన్నట్టు. దీన్ని భూతద్దం లేకుండానే మన అక్షరాలు పట్టిస్తాయి. తలకట్టు పెట్టేటప్పుడు కలం కాస్త కిందికి దిగి, కుడివైపు పైకి ఎగురుతుంది. ఆ ఎగురులో కాగితం గీరుకుంటే ఎడమ రెక్క దిగి ఉంది: కిందికి దిగిన రెక్క లోపలి అంచు కుడివైపుకి తిరిగి ఉంటుంది, కుడికి వెళ్లేటప్పుడు అదే ముందుండి కాగితాన్ని చెక్కుతుంది. ఎడమకి వెళ్లే గీతలో గీరితే దానికి సరిగ్గా తిరగబడిన జబ్బు. సున్న చుట్టి చూస్తే రెండు దిశలూ ఒకే గీతలో తెలుస్తాయి. పేజీ నిండా సున్నలు, తలకట్లు, వట్రుసుడులు వేసి, ఏ మలుపులో శబ్దం మారుతోందో వినాలి.

సరిచేయడం: లేచిన రెక్కని బొటనవేలి గోరుతో మొన నుంచి 4 మి.మీ. వెనక నొక్కి, ఒకటి రెండు సెకన్లు ఉంచి వదలాలి. ఒక్కసారికి కదిలింది కనపడకూడదు. నొక్కడం, చూడటం, నొక్కడం, చూడటం. పదకొండు సార్లకి సమం అయింది. రెక్కల మధ్య చీలిక గాలిరంధ్రం దగ్గర కాస్త వెడల్పుగా మొదలై మొన దగ్గర దాదాపు కలిసిపోవాలి. మొన దగ్గర వెలుతురు దండిగా కనపడితే ఇంకు ధార కడుతుంది. ఇత్తడి రేకుతో చీలికని ఒకసారి శుభ్రం చేస్తే సరి, అదే పనిగా ఆడిస్తే అది వెడల్పవుతుంది.

తర్వాత ఫీడ్‌ని పాళీకి అతకడం. పాళీ మొనకి 5 మి.మీ. వెనక దాకా ఫీడ్ తన ఒంటిని ఆనించి ఉండాలి. ఇక్కడ ఖాళీ ఉంది, పోస్టుకార్డు అంచు దూరేంత. ఎబొనైట్ ఫీడ్ సుఖం ఇదే, వేడికి వంచుకోవచ్చు. మరిగి ఒక నిమిషం ఆగిన నీళ్లలో పాళీ ముందు భాగం మాత్రమే ముంచి 20 సెకన్లు, తీసి బొటనవేలితో ఫీడ్‌ని కింద నుంచి పైకి పది సెకన్లు అదిమి పట్టి, చల్లని నీళ్లలో ముంచాలి. మెడకి వేడి నీళ్లు తగలకూడదు.

మొదటి ప్రయత్నం చెడింది. 20కి బదులు 40 సెకన్లు ఉంచడంతో ఫీడ్ మరీ మెత్తబడి, అదిమితే పాళీ రెక్కల్నే పైకి ఎత్తి విడదీసింది. చీలిక వెడల్పై, గీత స్కెచ్‌పెన్నులా దిగింది. మళ్లీ వేడి చేసి, ఈసారి ఒత్తిడి సగానికి తగ్గించి, రెక్కలు తాకీ తాకనట్టు ఉండేలా అతికాం. ఎబొనైట్ గుణం ఏమిటంటే, వేడి చేస్తే మొదటి ఆకారానికి కొంత వెనక్కి వెళ్తుంది. పొరపాటుని దిద్దుకునే వీలుంది. ప్లాస్టిక్ ఫీడ్‌లో ఆ వీలు లేదు.

చివరగా నునుపు. పాళీని ఇంకులో ముంచి, మైక్రోమెష్ 12000 మీద చేతి బరువు లేకుండా ఎనిమిది అంకె పదిసార్లు. ఆపి కాగితం మీద రాసి చూడటం. మరో అయిదు. చాలు. ఇంకా మెత్తగా, ఇంకా వెన్నలా అని అందరూ ఇక్కడ కక్కుర్తి పడతారు. ఎక్కువ రుద్దితే చీలికకి రెండు వైపులా లోపలి అంచులు గుండ్రమై, ఇంకు కాగితానికి అందక పైనే ఆగిపోతుంది. అప్పుడు ప్రతి అక్షరం మొదటి గీత తెల్లగా పోతుంది, పాళీ మాత్రం జారుడుబల్లలా ఉంటుంది. దాన్ని బాగుచేయాలంటే మళ్లీ మొన అరగదీయాలి. కొంచెం గరుకు మిగలడమే మంచిది.

గీత వెడల్పు 0.5 మి.మీ. వచ్చింది. తెలుగు రాతకి ఇంతకంటే లావు పనికిరాదు. రాష్ట్రం, లక్ష్మి, స్త్రీ రాసి చూడండి: 0.8 గీతతో మామూలు రూళ్ల నోటుబుక్కులో ఒత్తుల కడుపులు పూడిపోతాయి. ఇంగ్లీషు చేతిరాత ఫొటోలు చూసి లావు పాళీ, అడ్డపాళీ తెప్పించుకునేవాళ్లు తర్వాత ఎక్కువగా వాపోయేది దీని గురించే.

9వ రోజు: కారుతుందా

మరల మీద సిలికాన్ గ్రీజు, ఆవగింజంత, వేలితో ఒక చుట్టు. వాజలీన్ వద్దు, అది ఎండి జిగురవడం రెండో రోజే చూశాం. ఎక్కువ గ్రీజు కూడా వద్దు, బిగించేటప్పుడు లోపలికి నెట్టుకుపోయి ఫీడ్ వెనక చేరితే ఇంకు ఆ జిడ్డుని తడపలేదు, పెన్ను ఆగి ఆగి రాస్తుంది.

మొదట నీళ్లతో. గొట్టంలో 3.2 మి.లీ. పట్టింది, మరలకి 5 మి.మీ. కింద దాకా. పాళీ కిందికి చేసి టిష్యూ మీద పన్నెండు గంటలు నిలబెడితే చుక్క లేదు. మరల దగ్గర తడి లేదు.

కానీ ఫిల్లర్ పెన్ను అసలు జబ్బు నిండుగా ఉన్నప్పుడు బయటపడదు. ఇంకు తగ్గి గాలి పెరిగినప్పుడు, చేతి వేడికి ఆ గాలి ఉబ్బి ఇంకుని బయటికి తోస్తుంది. లెక్క కట్టి చూద్దాం. గాలి ఒక్కో డిగ్రీకి తన పరిమాణంలో దాదాపు 300వ వంతు పెరుగుతుంది. పెన్నులో ఇంకు మూడో వంతుకి తగ్గితే గాలి సుమారు 2.2 మి.లీ. చేతిలో 6 డిగ్రీలు వేడెక్కితే 2 శాతం, అంటే 0.044 మి.లీ. ఫిల్లర్ చుక్క దాదాపు 0.05 మి.లీ. అంటే పేజీ మధ్యలో పడే ఆ మచ్చ సరిగ్గా ఇదే. నిండుగా ఉన్నప్పుడు గాలి 0.3 మి.లీ. అనుకుంటే ఉబ్బేది 0.006 మాత్రమే, దాన్ని ఫీడ్ పళ్లు పట్టి ఉంచుకుంటాయి. కనుక సగానికి రాగానే నింపుకోవాలి. లావు ఎబొనైట్ గోడ వేడిని నెమ్మదిగా లోపలికి పోనిస్తుంది. పలచటి ప్లాస్టిక్‌ని గొట్టంగా చేసుకున్న ఫిల్లర్ పెన్నులు ఎక్కువ కక్కడానికి కారణం అదే.

గోదావరి జిల్లాల్లో మే నెలకి ఈ లెక్క ఇంకా మారుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీల నుంచి బయట 42కి వస్తే 17 డిగ్రీల తేడా, అదే గాలి 0.12 మి.లీ. ఉబ్బుతుంది, రెండు చుక్కల పైమాట. జేబులో పాళీ పైకి ఉంటే మొన వైపు ఉన్నది గాలి కనుక గాలే పోతుంది. సంచిలో పడేసి అడ్డంగా ఉంటే మూత నిండా ఇంకు.

సాయంత్రం నీళ్లు తీసేసి, ఆరబెట్టి, మామూలు నీలం ఇంకు పోశాం. రంగుద్రవ్యం కరిగి ఉండే సాదా ఇంకే. మెరుపు పొడి కలిపినవి, బొమ్మలు గీయడానికి వాడే ఇండియన్ ఇంకు లాంటివి ఫీడ్‌లో ఒక్కసారి ఎండితే రెండో రోజు పనంతా మళ్లీ మొదటికి. బ్లూబ్లాక్‌లో ఇనుము ఉన్నది స్టీలు పాళీని తింటుంది. వాడితే వారం వారం కడగాలి.

11వ రోజు: పద్దు

ఖర్చు పుస్తకం తెరిస్తే పెన్ను ఖరీదు ఒకవైపు, మిగతావి ఇంకోవైపు. భూతద్దం, మైక్రోమెష్, ఇత్తడి రేకు, సిలికాన్ గ్రీజు, సంచులు, షెల్లాక్. ఇవి పనిముట్లు, సరే. వాటి కింద ఉన్నవి చూడాలి: 35 మి.మీ. స్టీలు పాళీలు మూడు, ఇంకు సీసాలు రెండు, మరో ఎబొనైట్ పెన్ను ఒకటి. అన్నీ కలిపితే మొదటి పెన్నుకి మూడింతలు. షరతు పదో రోజుకే తప్పింది.

రెండో ఎబొనైట్ పెన్నుకి చెప్పుకున్న సాకు "విడిభాగాలకి". ఇది ఈ వ్యసనంలో అన్నిటికంటే అందమైన అబద్ధం. చేతి లేత్ మీద చేసిన పెన్నుల్లో ఒకదాని మూత ఇంకోదానికి పట్టదు. మర ఆ గొట్టాన్ని చూసి కోసినది, అంగుళానికి చుట్ల సంఖ్య ఒకటే అయినా లోతు వేరు, మొదలయ్యే చోటు వేరు. బలవంతంగా తిప్పితే రెండూ పోతాయి. పక్కపక్కన పెట్టి చూశాం: మూత చుట్టున్నర తిరిగి ఆగిపోయింది. మార్చుకోగలిగింది పాళీ, ఫీడ్ మాత్రమే, అది కూడా మెడ బెజ్జం కలిస్తేనే. కొత్త పాళీలు మూడింటిలో రెండు ఈ పాత మెడలో వదులు. వదులు పాళీకి టేపు చుట్టి దూర్చడం కన్నా పాతదాన్ని సరిచేసుకోవడం మేలు.

బంగారు పాళీ ఆశ కూడా పద్దులో రాయాలి, కొనకపోయినా. 14 క్యారెట్ అంటే 58.5 శాతం బంగారం, ముద్ర 585. 18 అయితే 750. బంగారం తుప్పు పట్టదు, అది నిజం. మెత్తగా వంగుతూ రాస్తుందన్నది మాత్రం అన్ని పాళీలకీ నిజం కాదు. వంగేది రెక్కల మందం, పొడవు, భుజాల కోత వల్ల. కాగితాన్ని తాకేది ఎలాగూ మొన మీది గట్టి లోహమే, బంగారం కాదు. ఇరిడియం పాయింట్ జర్మనీ అని చెక్కి ఉన్నంత మాత్రాన అది జర్మనీలో చేసినదనీ కాదు.

14వ రోజు: చివరి కొలత

మూడు రాత్రులు నిలువుగా, మూత పెట్టి ఉంచితే బరువు 25.1 నుంచి 25.0 గ్రాములకి దిగింది. మూత గాలి పట్టి ఉంచుతోంది. పొద్దున్నే మొదటి తలకట్టుకే ఇంకు అందింది. నాలుగు పేజీలు ఆపకుండా రాసినా గీత సన్నబడలేదు. ఇంకు సగానికి వచ్చాక అరచేతిలో అయిదు నిమిషాలు పట్టుకుని పాళీ కిందికి వంచితే మొన దగ్గర తడి ఉబ్బింది, పడలేదు. మూడో వంతుకి దింపి అదే పరీక్ష చేస్తే పడింది, ఒక్క చుక్క, లెక్క చెప్పినట్టే.

టేపు తీశాక గొట్టం మీద గోధుమరంగు పట్టీ, అందులో ఆ అక్షరాల నీడ. టార్చి పక్కనుంచి వేస్తే ఇప్పుడు అయిదో అక్షరం కూడా కొమ్ము వరకు కనిపిస్తోంది, చుట్టూ నల్లబడ్డం వల్ల కావచ్చు. మిగిలిన పనులు: మూత క్లిప్పు కింద పచ్చటి కిలుము, దానికి టూత్‌పిక్. రెండో ఎబొనైట్ పెన్ను మెడ ఇంకా విప్పలేదు.